ఆకాశమున కేగు సొమ్మునకు లెక్క

ఎచ్చెర్ల నుండి తూర్పుగా సముద్రము దెసకు పోవువారికి బుడగట్లపాలెము, డి. మత్స్యలేశము, బడివానిపేట మొదలగు జాలరి పల్లెలు కానవచ్చును. ఈ పల్లెలలోని పడుచువాండ్రు పలువురు ఏటేట గుజరాతు తీరమందలి వెరావలు రేవునకు బోయి, అచ్చటి యజమానుల పడవలపై కూలికి వేటాడి, కొన్ని నెలలకు ఇండ్లకు మరలుట వాడుక. 2018 నవంబరు మాసమున అట్లు వేటకు బోయిన మన శ్రీకాకుళ, విజయనగర జిల్లాల జాలరులను, తమ జలములలో ప్రవేశించిరని పాకిస్థానువారు పట్టుకొని కరాచీ కారాగృహమున నుంచిరి. వారిలో ఇరువది మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దునొద్ద మనవారి కప్పగింపబడిరి. నడుమ పదునాలుగు నెలలు గడచెను. ఆ పదునాలుగు నెలలును ఈ పల్లెలలోని తల్లులు, భార్యలు, పసివాండ్రు ఎట్లు గడపిరో మేము వర్ణింప నక్కఱలేదు. మీలో కొందఱకు అది ఇరుగుపొరుగు కథయే.

పొలమునకు గట్టు కలదు, ఊరికి పొలిమేర రాయి కలదు. సముద్రమునకు రెండును లేవు. ఒడ్డు కానరాని చోట, తానున్నది ఏ దేశపు నీటిపైనో జాలరికి నేడు నిక్కముగా తెలుపగలది ఆకాశమందలి కృత్రిమోపగ్రహము. అట్టి యుపగ్రహములను మన దేశమున నిర్మించునది భారత అంతరిక్ష పరిశోధన సంస్థ, అనగా ఇస్రో. దానికి సొమ్మిచ్చునది ప్రజలు. బుడగట్లపాలెమున అగ్గిపెట్టె కొన్నవాడును పన్ను చెల్లించినవాడే గదా! ఇచ్చిన సొమ్మునకు లెక్క యడుగువా రెవరు? ఎప్పుడు అడుగుదురు? అడిగినచో జవాబు వచ్చునా? ఈ వ్యాసమున మేము పరిశీలింపదలచినది ఇదియే. రాకెట్టు ఎట్లు ఎగురునో మా సైన్సు ఉపాధ్యాయులు మాకంటె చక్కగా చెప్పుదురు గావున ఆ విషయము విడిచిపెట్టుచున్నాము.

2025-26వ సంవత్సరపు కేంద్ర బడ్జెటులో అంతరిక్షశాఖకు కేటాయింపబడినది రూ. 13,416 కోట్లు. ఈ సంఖ్యను జూచి గుండె గుభేలుమనువారు కలరు. కాని ఆ సంవత్సరమున కేంద్రప్రభుత్వపు మొత్తము వ్యయము అంచనా సుమారు రూ. 50 లక్షల 65 వేల కోట్లు. అనగా ప్రభుత్వము వెచ్చించు ప్రతి నూఱు రూపాయలలో అంతరిక్షశాఖకు చేరునది ఇంచుమించు ఇరువదియాఱు పైసలు. లెక్కల తరగతివారు భాగించి చూచుకొనవచ్చును. ఇది చిన్న పాలే. ఐనను చిన్న పాలు గావున అడుగ నక్కఱలేదనుట సరికాదు. ఇంటి ఖర్చులో ఉప్పునకు పట్టునది కొంచెమే. అంతమాత్రమున ఇల్లాలు దుకాణదారు తూకమును చూడక మానునా?

ఈ శాఖ పుట్టువును గూర్చి నాలుగు మాటలు చెప్పవలెను. ఏలయన తరువాతి చిక్కులకు బీజములు అందే యున్నవి. 1962లో డాక్టరు విక్రం సారాభాయి అధ్యక్షతన ఒక జాతీయ సంఘ మేర్పడెను. 1963 నవంబరు 21వ తేదీన కేరళమందలి తుంబ యను జాలరి పల్లె నుండి మొదటి రాకెట్టు ఎగసెను. ఆ పల్లెలోని క్రైస్తవ దేవాలయమే తొలినాళ్లలో శాస్త్రజ్ఞులకు కార్యాలయమయ్యెను. 1969 ఆగస్టు 15న ఇస్రో స్థాపితమయ్యెను. 1972 జూన్‌లో అంతరిక్ష కమిషనును, అంతరిక్షశాఖయు ఏర్పడి, ఆ సెప్టెంబరులో ఇస్రో ఆ శాఖ క్రిందికి తేబడెను. శాఖ నేరుగ ప్రధానమంత్రి చేతి క్రింద నుండును. కమిషను అధ్యక్షుడు, శాఖ కార్యదర్శి, ఇస్రో అధ్యక్షుడు – ఈ మూడు పదవులును ఒక్కరివే. ఒక పీటపై మువ్వురు కూర్చుండిన నిరుకు. మూడు పీటలపై ఒక్కరే కూర్చుండిన విశాలము! ఈ యేర్పాటును మేము తేలికగా నిందింపము. ఒక్కొక్క కాగితము పది బల్లలపై నిద్రించుట మాని, పని వేగముగా సాగుటకు అది మిక్కిలి తోడ్పడెను. 1975లో మొదటి యుపగ్రహమైన ఆర్యభట సోవియట్టు రాకెట్టుపై పోవుటయు, 1980 జూలై 18న మన రాకెట్టే మన రోహిణిని కక్ష్యలో నుంచుటయు, ఈ పద్ధతి ఫలములే. కాని సలహా యిచ్చువాడు, నిర్ణయించువాడు, నిర్వహించువాడు ఒక్కడే యైనప్పుడు, వాని తప్పును వాని కెవరు చెప్పవలెను?

మన తెలుగువారికి ఈ సంస్థతో సంబంధము శ్రీహరికోట వలన గలిగినది. పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ నున్న ఆ దీవి 1969లో రాకెట్టు కేంద్రముగా ఎన్నుకొనబడి, 1971 అక్టోబరు 9న అచ్చట నుండి మొదటి చిన్న రాకెట్టు ఎగసెను. ఆ యడవిలో తరతరములుగా దుంపలు త్రవ్వుకొని, చేపలు పట్టుకొని జీవించిన యానాదులు తమ తావులు విడువవలసి వచ్చెను. రాకెట్టు కథలు చెప్పువారు ఈ మాట సాధారణముగా చెప్పరు గనుక మేము చెప్పితిమి. లెక్కలలో భూమి ధర మాత్రమే కనబడును.

ఇక సొమ్ము బయలుదేరు మార్గము. పార్లమెంటు చేసిన చట్టము లేనిదే దేశపు సంచితనిధి నుండి పైసయైనను తీయరాదని రాజ్యాంగమున 266వ అధికరణము శాసించుచున్నది. ప్రతి శాఖయు తనకు కావలసిన మొత్తమును 113వ అధికరణము ననుసరించి గ్రాంటు కోరికగా లోకసభ యెదుట నుంచవలెను. సభ దాని నంగీకరింపవచ్చును, నిరాకరింపవచ్చును, తగ్గింపవచ్చును. పెంచుటకు మాత్రము అధికారము లేదు. తగ్గింపు తీర్మానములలో ఒక వింత గలదు. శాఖ విధానమే తప్పని తలచిన సభ్యుడు దాని గ్రాంటును ఒక్క రూపాయికి తగ్గింపుమని కోరును. ఒక నిర్దిష్టమైన ఫిర్యాదు చెప్పదలచినవాడు నూఱు రూపాయలు తగ్గింపుమని కోరును. పదమూడు వేల కోట్లలో నూఱు రూపాయలు తగ్గిన నేమగును? ఏమియు గాదు. ఆ నూఱు రూపాయల పేరున ఫిర్యాదు సభలో వినబడును. ఆ మందలింపునకే విలువ.

కాగితముపై నియమము లిట్లున్నను ఆచరణమున సభకు తీఱిక తక్కువ. ప్రతి సంవత్సరమును కొన్ని శాఖల గ్రాంటులు మాత్రమే చర్చకు వచ్చును. నిర్ణీతకాలము ముగియగానే తక్కినవన్నియు చర్చ లేకయే ఒక్కమాఱు ఓటునకు బెట్టబడును. దీనికి గిలటిను అని పేరు. పూర్వము ఫ్రాన్సు దేశమున తలలు నఱికిన యంత్రమునకు గల పేరే ఇది. 2018 మార్చి 14న లోకసభలో ఒక్క శాఖయు చర్చకు రాకయే సమస్త శాఖల గ్రాంటులును ఆమోదింపబడెను. లక్షల కోట్లు కొన్ని నిమిషములలో! ప్రభుత్వమును ప్రతిపక్షమును ఒకరినొకరు నిందించుకొనిరి. నింద ఎవరిదైనను, ఆ యేడు అడుగవలసిన ప్రశ్నలు ఆ గదిలో అడుగబడలేదు.

అందువలననే కమిటీలకు ప్రాముఖ్యము వచ్చినది. 1993 నుండి శాఖల వారీ స్థాయీసంఘములు పనిచేయుచున్నవి. ఒక్కొక్క దానిలో లోకసభ వారు 21, రాజ్యసభ వారు 10, మొత్తము 31 మంది సభ్యులు. అంతరిక్షశాఖ విజ్ఞానశాస్త్ర, పర్యావరణ, అటవీ విషయముల సంఘమునకు చెందును. దానికి రాజ్యసభవారే అధ్యక్షత వహింతురు. మన తెలుగువారిలో శ్రీ టి. సుబ్బరామిరెడ్డిగారును, తరువాత శ్రీమతి రేణుకా చౌదరిగారును ఆ సంఘమున కధ్యక్షులుగా నుండిరి. బడ్జెటు సమావేశముల నడుమ సభలు కొన్ని వారములు సెలవు పుచ్చుకొన్నప్పుడు, ఈ సంఘము శాఖ కార్యదర్శిని పిలిపించి కూర్చుండబెట్టి ప్రశ్నించును. కెమెరాలు లేవు గనుక కేకలు తక్కువ. పక్షభేదము కొంత మెత్తబడును. సంఘపు నివేదిక శాసనము కాదు, సిఫారసు మాత్రమే. ఐనను ప్రతి సిఫారసునకు తానేమి చేసెనో శాఖ మరల వ్రాసి చెప్పవలెను.

అచ్చట అడుగబడు ప్రశ్న లెట్టివో ఒక యుదాహరణము. 2020-21లో అంతరిక్షశాఖకు మొదట కేటాయించినది రూ. 13,479 కోట్లు. సంవత్సరము సగమైన తరువాత సవరించిన అంచనా రూ. 9,500 కోట్లు. అది మహమ్మారి సంవత్సరము, కారణము స్పష్టమే. కాని ఈ పాఠము గమనింపుడు: సొమ్ము ఎక్కువగా ఖర్చు పెట్టుట యొక్కటే తప్పు గాదు, ఇచ్చిన సొమ్ము ఖర్చుగాక మిగులుటయు ప్రశ్నింపదగినదే. మిగిలినదనగా ఏదో యుపగ్రహము కట్టబడలేదు, ఏదో రాకెట్టు ఆగినది, ఏదో కర్మాగారమునకు పని రాలేదు. మఱియొక వైపు చూడుడు. మానవులను అంతరిక్షమునకు బంపు గగనయాన కార్యక్రమమునకు 2018లో సుమారు రూ. 9,023 కోట్లు మంజూరయ్యెను. 2024 సెప్టెంబరులో ఆ మొత్తము రూ. 20,193 కోట్ల కెక్కినది. పని విస్తరింపబడినది, ప్రయాణములు పెరిగినవి, అంతరిక్షగృహపు మొదటి గదియు ఇందే చేరినది. కావున ఇది యంతయు దుబారా యనుట పొరపాటు. ఇందులో కొత్తపనికి పట్టినదెంత, పాతపని ఆలస్యమగుటచే పెరిగినదెంత అని విడదీసి అడుగుట మాత్రము సభ్యుల ధర్మము.

ఖర్చైన పిదప లెక్క చూచువాడు కంప్ట్రోలరు ఆడిటరు జనరలు. రాజ్యాంగము 148 మొదలు 151 వఱకు గల అధికరణములు వారిని గూర్చినవే. 2024 నవంబరు 21న ఈ పదవి స్వీకరించిన శ్రీ కె. సంజయ్ మూర్తిగారు మన కోనసీమ కుటుంబమువారు. ఆడిటరు నివేదిక పార్లమెంటున కందినపిదప ప్రజాపద్దుల సంఘము దానిని పరిశీలించును. ఇది 1921 నాటి నుండి వచ్చుచున్న సంఘము. లోకసభ వారు 15, రాజ్యసభ వారు 7. మంత్రులకు ఇందు చోటు లేదు. 1967 నుండి ప్రతిపక్షమువారే అధ్యక్షు లగుట ఆచారము. తెలుగుదేశము పక్షము లోకసభలో ప్రధాన ప్రతిపక్షముగా నున్న దినములలో, 1985 మొదలు 1987 వఱకు, కర్నూలు వారైన శ్రీ ఇ. అయ్యపురెడ్డిగారు ఆ పీఠమున నుండిరి.

ఈ యంత్రమంతయు ఒక నిజమైన వ్యవహారమున ఎట్లు పనిచేసెనో, ఎచ్చట పనిచేయలేదో చూతము. ఇది యాంత్రిక్సు-దేవాసు ఒడంబడిక. యాంత్రిక్సు 1992లో స్థాపితమైన ప్రభుత్వ సంస్థ. ఇస్రో వస్తువులను, సేవలను విక్రయించుట దాని పని. 2005 జనవరి 28న అది దేవాసు మల్టీమీడియా యను ప్రైవేటు కంపెనీతో ఒడంబడిక చేసికొనెను. దాని ప్రకారము ఇస్రో జీశాట్-6, జీశాట్-6ఏ యను రెండు ఉపగ్రహములను నిర్మించి, వానిలోని శక్తిలో అధికభాగమును పండ్రెండేండ్లు దేవాసునకు అద్దె కియ్యవలెను. దానితోపాటు ఎస్-బ్యాండు అను తరంగములలో 70 మెగాహెర్ట్జుల వెడల్పు ఆ కంపెనీ వాడుకలోనికి పోవును. ఈ తరంగములు ఎంత విలువైనవో పల్లెటూరివారికిట్లు చెప్పవచ్చును: చెఱువు ఒక్కటే, తూములు కొన్నియే, ఒక తూము ఒకరికి వ్రాసియిచ్చిన తరువాత క్రింది పొలములవారు దానిని ముట్టరాదు. ఈ ఎస్-బ్యాండు చిన్న చేతియంత్రమునకు సహితము ఉపగ్రహముతో నేరుగ మాటలాడు వీలు గల్పించునది. సైనికులకు, రైళ్లకు, నావలకు, తుపాను వేళ గ్రామములకు పనికివచ్చునది.

ఉపగ్రహములు ప్రజల సొమ్ముతో కట్టవలసినవి గనుక మంజూరు కావలసి వచ్చెను. 2005 డిసెంబరులో జీశాట్-6నకు మంత్రివర్గము రూ. 269 కోట్లు మంజూరు చేసెను. రెండవ దానికి 2009లో అంతరిక్ష కమిషను రూ. 147 కోట్లు మంజూరు చేసెను. ఆ కాగితములలో ఉపగ్రహముల ప్రయోజనములు వర్ణింపబడినవి. వానిలోని అధికభాగము అప్పటికే ఒక కంపెనీకి వ్రాసి యియ్యబడినదను మాట మంత్రివర్గమునకు చెప్పబడలేదని ఆడిటరు జనరలు తేల్చెను. యాంత్రిక్సు అధ్యక్షుడు, ఇస్రో అధ్యక్షుడు, శాఖ కార్యదర్శి, కమిషను అధ్యక్షుడు ఒక్కరే యగుటవలన, ఒక బల్లవాడు రెండవ బల్లవానిని ప్రశ్నించు సందర్భమే లేకపోయెనని ఆ నివేదిక సారాంశము. పై మూడు పీటల మాట ఇప్పుడు జ్ఞప్తికి దెచ్చుకొనుడు. ఇచ్చట పీటలు నాలుగైనవి.

నివేదిక పార్లమెంటున బెట్టబడిన దెప్పుడు? 2012 మే మాసమున. ఒడంబడిక జరిగి ఏడేండ్లు దాటెను. ఆ నడుమ 2011 ఫిబ్రవరిలో పత్రికలు ఈ విషయమును వెల్లడించెను. ఆ నెల 17న మంత్రివర్గపు భద్రతాసంఘము ఒడంబడికను రద్దుచేయ నిశ్చయించెను. 25న యాంత్రిక్సు రద్దు నోటీసు పంపెను. అనగా నివేదిక సభలో ప్రవేశించునప్పటికి ఒడంబడిక లేనేలేదు, వ్యాజ్యము మాత్రము మొదలయినది. 2015 సెప్టెంబరులో అంతర్జాతీయ మధ్యవర్తులు యాంత్రిక్సు 56 కోట్ల 25 లక్షల డాలర్లు, వడ్డీతో గూడ, దేవాసునకు చెల్లింపవలెనని తీర్పుచెప్పిరి. 2022 జనవరి 17న మన సుప్రీంకోర్టు దేవాసు కంపెనీ మోసముతో గూడిన వ్యవహారమని నిర్ణయించి, దానిని మూసివేయుమన్న ఉత్తరువును స్థిరపఱచెను. ఆ ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు మధ్యవర్తుల తీర్పును కొట్టివేసెను. విదేశ న్యాయస్థానములలో తగవు అటుపిమ్మటను సాగినది. 2025 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు సహితము దానిపై తీర్పు చెప్పెను. ఒక్క కాగితమున చేరవలసిన ఒక్క వాక్యము చేరకపోవుటచే ఇన్ని దేశముల న్యాయవాదులకు పని దొరికినది.

ఈ వ్యవహారమున పార్లమెంటు ఓడినదా గెలిచినదా యని మాలో మేము వాదించుకొంటిమి. కొందఱు ఆడిటరు నివేదికయే లేకున్న నిజము ఈనాటికిని బయటపడెడిది కాదనిరి. నివేదిక విలువ మిక్కిలి గొప్పదే. కాని మా యభిప్రాయము వేఱు. పంట కోసికొనిపోయిన తరువాత కంచె ఎత్తు కొలిచినట్లు ఈ తనిఖీ జరిగినది. గ్రాంటు కోరిక వచ్చిన నాడే, స్థాయీసంఘమున ఒక్క సభ్యుడు “ఈ యుపగ్రహమును వాడుకొనబోవున దెవరు?” అని అడిగి, జవాబు వ్రాతపూర్వకముగా తెప్పించుకొని యుండినచో, ఏడేండ్ల తరువాతి నివేదికకంటె అది మేలైయుండును. అడుగుటకు అధికారము అప్పుడును కలదు.

ఆ యుపగ్రహము ఏమయ్యెనని మీరడుగుదురు. జీశాట్-6 2015 ఆగస్టు 27న శ్రీహరికోట నుండి ఎగసి కక్ష్యను చేరెను. జీశాట్-6ఏ 2018 మార్చి 29న ఎగసి, కొలది దినములలోనే మాటాడుట మానివేసెను. మిగిలిన మొదటి యుపగ్రహపు ఎస్-బ్యాండు ద్వారా పనిచేయునట్లు జాలరుల పడవల కొఱకు ఇస్రోవారు ఒక యంత్రమును రూపొందించిరి. తుపాను హెచ్చరికను, సరిహద్దు సమీపించినదను మాటను అది పడవకు తెలుపును. ఆపదలో పడవవారు మరల తీరమునకు వార్త పంపవచ్చును. లక్ష పడవల కిట్టి యంత్రములను ఉచితముగా అమర్చుటకై రూ. 364 కోట్ల పథకము 2024 ఆగస్టు 30న ఆరంభింపబడెను. కంపెనీకి పోవలసిన తూము నీరు జాలరి పడవకు మరలినదన్నమాట.

దిక్కు చూపు ఉపగ్రహముల కథ మఱియొకటి. అమెరికావారి జీపీయస్ వంటిదానిని మనకై మనమే నిర్మించుకొనుటకు 2006లో రూ. 1,420 కోట్ల పథకము మంజూరయ్యెను. 2013 జూలై మొదలు 2016 ఏప్రిల్ వఱకు ఏడు ఉపగ్రహములు శ్రీహరికోట నుండి పోయినవి. సమూహమునకు నావిక్ అని పేరు పెట్టిరి. పిమ్మట మొదటి యుపగ్రహములోని పరమాణు గడియారములు నిలిచిపోయినవి. అవి విదేశము నుండి తెప్పించినవి. దాని స్థానమున పంపిన ఉపగ్రహము, 2017 ఆగస్టు 31న, రాకెట్టు తలకప్పు విడిపోనందున లోపలనే చిక్కుపడెను. 2025 జనవరి 29న శ్రీహరికోట నూఱవ ప్రయోగముగా ఎన్వీయస్-02 ఎగసెను. రాకెట్టు తన పని చక్కగా చేసినను, ఉపగ్రహమందలి కవాటములు తెఱచుకొనక అది తుదికక్ష్యను చేరలేదు.

ఇప్పుడు ప్రశ్నోత్తరముల బలము చూడుడు. 2025 జూలైలో పార్లమెంటు సభ్యులడిగిన ప్రశ్నకు ప్రభుత్వము వ్రాసి యిచ్చిన జవాబు ఇట్లున్నది: పంపిన పదునొకండు ఉపగ్రహములలో స్థానమును సూచించు సేవ చేయుచున్నవి నాలుగు, సందేశములు పంపుటకు మాత్రమే పనికివచ్చుచున్నవి నాలుగు, విరమింపబడినది ఒకటి, ఉద్దిష్టకక్ష్యను చేరనివి రెండు. పటాసుల పండుగవలె జరుగు ప్రయోగ దినమున ఈ లెక్క ఎవరును చెప్పరు. పత్రికలలో రాకెట్టు పొగ కనబడును. గడియారము నిలిచిన సంగతి కనబడదు. సభ్యుని ప్రశ్న వలన అది అచ్చులో వచ్చెను. నాలుగు అను సంఖ్యయు సామాన్యమైనది కాదు. స్థానమును నిర్ణయించుటకు అక్షాంశము, రేఖాంశము, ఎత్తు అను మూడును, గ్రాహకయంత్రపు గడియారపు దోషము నాలుగవదియు తెలియవలసిన రాశులు. నాలుగు రాశులకు నాలుగు సమీకరణములు కావలెనని బీజగణితమున చదివితిరి గదా! నాలుగు ఉపగ్రహము లనగా, ఒక్కటి నిలిచినను లెక్క తేలనట్టి సంఖ్య.

ఇచ్చట మేము శాస్త్రజ్ఞుల పక్షమునను ఒక మాట చెప్పవలెను. 1979 ఆగస్టు 10న మన మొదటి ఉపగ్రహవాహకము శ్రీహరికోట నుండి ఎగసి కొన్ని నిమిషములలో సముద్రమున గూలెను. ఇస్రో అధ్యక్షులు ఆచార్య సతీశ ధవన్‌గారు పత్రికలవారి యెదుట తామే నిలిచి బాధ్యత వహించిరి. పదకొండు నెలలలో రెండవ రాకెట్టు జయము పొందినప్పుడు మాటలాడు గౌరవమును తమ క్రిందివారికి, డాక్టరు అబ్దుల్ కలాంగారికి, ఇచ్చిరి. నాడు పార్లమెంటువారు ఆ నష్టమునకు కోపించి గ్రాంటు నిలిపియుండినచో రోహిణి లేదు. ప్రతి వైఫల్యమునకును శిక్ష యున్నచోట ఇంజనీరు సాహసించుట మాని, తప్పు దాచుట నేర్చుకొనును. కావున ప్రశ్న “ఎందుకు కూలినది?” అని గాక “ఎందుకు కూలినదో మీరు కనుగొంటిరా, మాకు చెప్పితిరా?” అని యుండవలెనని మా తలంపు. 2025 మే 18న పీయస్యల్వీ-సీ61 మూడవ దశలో విఫలమైనప్పుడును అడుగవలసినది ఇదియే.

అమెరికాలో సభవారి చేయి మఱింత బరువైనది. 1993 జూన్‌లో వారి ప్రతినిధుల సభలో అంతరిక్షగృహమును మానివేయుమను సవరణ ఒక్క ఓటు తేడాతో, 215 ఎదుట 216, వీగిపోయెను. 2011లో ఒక ఉపసంఘము జేమ్సు వెబ్ దూరదర్శినికి సొమ్మే యియ్యవలదనెను. గొప్ప కలవరము పిమ్మట, ఖర్చునకు 800 కోట్ల డాలర్ల గరిష్ఠపరిమితి విధించి సాగనిచ్చిరి. అది 2021 క్రిస్మసు నాడు ఎగసెను. పరిమితిని దాటియే ఎగసెను. అట్టి కాఠిన్యము మనకు కావలెనని మేమనము. కాని అచ్చట అంతరిక్షసంస్థ 1958 నాటి చట్టమువలన పుట్టినది. మన ఇస్రో ప్రభుత్వపుటుత్తరువు వలన పుట్టినది. 2017లో ఒక బిల్లు ముసాయిదా ప్రజాభిప్రాయమునకు బెట్టిరి. 2023లో అంతరిక్ష విధానము ప్రకటింపబడెను. అది మంత్రివర్గపు నిర్ణయమే గాని పార్లమెంటు చేసిన శాసనము కాదు. ప్రైవేటు కంపెనీలును శ్రీహరికోట నుండి రాకెట్లు పంపుట 2022 నవంబరులో హైదరాబాదు వారితో ఆరంభమైనది గనుక, శాసనపు కొఱత ఇకముందు మఱింత తెలియును.

ఇదంతయు ఢిల్లీ మాట, ఎచ్చెర్లవారికేల యనువారు 2018 అక్టోబరు 11 తెల్లవారుజామును తలచుకొందురు గాక. తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేలగూలినవి. ముందుగా హెచ్చరిక వచ్చినందున వేలాది ప్రజలు సురక్షిత స్థలములకు చేర్పబడిరి. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఆకాశము నుండి నిరంతరము మేఘములను కనిపెట్టి చూచు ఉపగ్రహము మనకు లేదు; సుమారు పదివేల ప్రాణములు పోయినవి. ఇప్పటి హెచ్చరికలకు ఆధారమైన ఇన్శాట్ ఉపగ్రహములలో 2024 ఫిబ్రవరి 17న ఎగసిన 3డీఎస్‌నకు సొమ్మంతయు భూవిజ్ఞానశాఖ ఇచ్చెను. అందువలన దాని లెక్క అంతరిక్షశాఖ పద్దులో వెదకిన దొరకదు. పద్దులు చదువువారు జాగ్రత్తగా చదువవలెననుటకు ఇదియొక నిదర్శనము.

ఎచ్చెర్ల శాసనసభా నియోజకవర్గము విజయనగరము లోకసభ స్థానములో చేరినది. శ్రీకాకుళము పట్టణము మనకు దగ్గఱయైనను మన ప్రతినిధి విజయనగరము వారే. లోకసభలో ప్రశ్న వేయదలచిన సభ్యుడు కనీసము పదునైదు దినములు ముందుగా నోటీసు ఇయ్యవలెను. దినమునకు నోటిమాటగా జవాబు పొందు ప్రశ్నలు ఇరువది, వ్రాతజవాబు పొందునవి రెండు వందల ముప్పది. ఏ ప్రశ్న వేయవలెనో సభ్యునకు ఓటరు జాబు వ్రాసి సూచింపవచ్చును. పై తరగతివారు ఈ యేడు అట్టి జాబు వ్రాయ నుద్దేశించిరి. ముసాయిదా మేము చూచితిమి. అందు రెండే ప్రశ్నలున్నవి: ఎచ్చెర్ల మండలపు తీరమున ఎన్ని పడవలకు ఆ ఉపగ్రహయంత్రము అమర్పబడినది; నావిక్ సమూహమున మిగిలిన నాలుగింటిలో ఒక్కటి నిలిచినచో దాని స్థానమున పోవలసినది ఎప్పటికి సిద్ధమగును. వేట నిషేధము ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు ఉండును గనుక, పడవలు మరల నీటిలో దిగుటకు ముందే జవాబు వచ్చునట్లు బడ్జెటు సమావేశములలోనే ప్రశ్న వేయింపుడని జాబు చివర వ్రాసిరి.